తెర పక్క మనిషి

దేవదానం చెప్పులు విడిచి, వేదిక పక్కనున్న మెట్ల కింద గోడవారగా జత చేసి పెట్టాడు. ముక్కులు లోపలి వైపుకే ఉండాలి. సరిచూసుకుని అప్పుడు మెట్లెక్కాడు. ఈ హాలు కట్టిన దగ్గర్నుంచీ అతను పనిచేస్తున్నాడు గానీ, వేదిక మీద చెప్పులతో అడుగు వేసి ఎరగడు. వేయకూడదని ఎవరూ చెప్పలేదు. తండ్రి మామిడికుదురు రైతుల దగ్గర పాలేరుగా బతికిన మనిషి. ధాన్యం పోసిన కళ్ళంలోకి చెప్పులతో వెళ్ళకూడదని చిన్నప్పుడు ఆయన చెవి మెలేసి మరీ చెప్పాడు. మన తిండి ఎక్కడ పుడితే అదే మన కళ్ళం అని కొడుకు తనకు తానే అర్థం చెప్పుకున్నాడు.

వాచ్‌మన్ అమ్మిరాజుకు ఈ అలవాటు బాగా కలిసొచ్చింది. చెప్పులుంటే దేవదానం లోపల ఉన్నట్టు, లేకపోతే ఇంటికి పోయినట్టు. సాయంత్రం తాళం వేసే ముందు అమ్మిరాజు హాలంతా తిరిగి చూడడు. మెట్ల కింద ఒక చూపు చూస్తాడు, అంతే.

లోపల తెర నిద్రపోతున్నట్టు వేలాడుతోంది. ముదురు మెరూన్ రంగు మఖమల్ తెర. కిటికీ వైపున్న సగం ఎండకు వెలిసి ఇటుక రంగుకొచ్చింది. రెండు సగాలూ మధ్యలో కలిసేలా కప్పీల మీదుగా తాడు నడుస్తుంది. ఆ తాడు కొబ్బరి పీచుది, భార్య పాపాయమ్మ స్వయంగా పేనింది. మొదట్లో నైలాను తాడు ఉండేది. అది అరచెయ్యి కోసేది, చెమట పడితే జారిపోయేది. పీచు తాడు అలా కాదు, చెప్పిన మాట వింటుందని దేవదానం అంటాడు. ఏళ్ళ తరబడి దాన్ని లాగీ లాగీ అతని కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందకు దిగింది. వెనక నుంచి చూస్తే ఎప్పుడూ ఏదో బరువు మోస్తున్నవాడిలా కనిపిస్తాడు. అరచేతులు మాత్రం కొబ్బరి డొప్పల్లా గట్టిబడి పోయాయి.

చీపురు కట్ట తిరగేసి తెరను నెమ్మదిగా తట్టాడు. దుమ్ము రేగి ఉదయపు ఎండలో తిరిగింది. ఈ సాయంత్రం ఊడదీసేసే తెరకు దుమ్ము దులపడమేమిటని ఎవరైనా అడగొచ్చు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు తల దువ్వకుండా పంపుతామా?

అమలాపురం పీజీ సెంటర్లో రంగస్థల కళల శాఖ అంటే ఒకప్పుడు ఎవరికీ లెక్కే లేదు. ఏ సీటూ దొరకనివాళ్ళు వచ్చి చేరేవారు. ఇప్పుడు రోజులు మారాయి. ఈ ఏడు ఎమ్మే రెండో సంవత్సరం పిల్లలు ఎక్కడికెళ్తే అక్కడ బహుమతి పట్టుకొస్తున్నారు. వాళ్ళు ఆడే నాటకాలకు తెర అక్కర్లేదు. కొబ్బరితోటలో ఆడతారు, కాలవగట్టు మీద ఆడతారు, ఒకసారి చేపల మార్కెట్లో ఆడారు. చేపలు కొనడానికొచ్చినవాళ్ళు సంచీలు పట్టుకుని నిలబడి చూశారు. దేవదానం కుర్చీలు మోశాడు, బల్లలు మోశాడు, పిల్లల ఆట చూసి మురిసిపోయాడు. తెర లాగే పని మాత్రం పడలేదు. ఆఖరికి ఆ పిల్లల కోరిక మీదే హాలంతా నల్ల రంగు వేయించి, తెర తీసేసి, నాలుగు వైపులా జనం కూర్చునేలా మార్చాలని నిర్ణయమైంది. రేపే పెయింటర్లు వస్తారు. దేవదానాన్ని లైబ్రరీలో వేస్తారట.

అతనికి కోపమేమీ లేదు. పిల్లలు కొత్తగా ఏదో చేస్తుంటే అడ్డం పడే మనిషి కాడు. ఒక్కటే కోరిక. తెర ఊడదీసే ముందు, హాలు నిండా జనం ఉండగా, ఒక నిజమైన నాటకం మీద దాన్ని ఒక్కసారి మూయాలని. ఈ మధ్యాహ్నం ఆ పిల్లల్లో ఒకతైన శారోన్ నాటకం ఉంది. ఆ తరవాత సాయంత్రమే వాళ్ళు నాటకోత్సవానికి ఢిల్లీ బయలుదేరుతారు. అడిగితే ఈ పూటే అడగాలి.

అడగడమే దేవదానానికి చేతకాదు. గోదావరి జిల్లాలో ఆయ్ అనని వాడుండడు గానీ, దేవదానం ఆయ్ తప్ప ఇంకో మాట అనడు. కుర్చీలు వెయ్యమంటే ఆయ్, తియ్యమంటే ఆయ్, ఆదివారం రమ్మంటే ఆయ్. తెల్లారగట్ల టిఫిను డబ్బా చేతికిస్తూ పాపాయమ్మ మరీ మరీ చెప్పింది.

"నోరు తెరిచి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

"ఆయ్," అన్నాడు దేవదానం.

"అదిగో, నాతో కూడా ఆయే. నేను మజ్జానానికి వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. తెర పడకపోతే ఇంటికొచ్చేక నీ సంగతి చూత్తాను."

తెర దులపడం అయ్యాక వరండాలో ఫ్లెక్సీ కట్టే పని పడింది. శాఖ అధిపతి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నిన్న రాత్రి వేయించిన ఫ్లెక్సీ అది. 'మన శాఖ ఆణిముత్యాలు' అని పెద్ద అక్షరాలు, కింద మూడు ఫోటోలు. అఖిల భారత విద్యార్థి నాటకోత్సవానికి తన నాటకం 'అవతలి రేవు' ఎంపికైన శారోన్. దక్షిణాది విశ్వవిద్యాలయాల పోటీలో ఉత్తమ నటుడు సూర్యతేజ. రంగస్థల దీపాలంకరణలో పై శిక్షణకు బెంగళూరులో సీటు తెచ్చుకున్న దుర్గాసాయి. ముగ్గురి చుట్టూ రోజా పువ్వులు, పైన రెండు పావురాలు. తాడు ముడి వేసి దూరంగా వచ్చి చూసుకున్నాడు దేవదానం. సూర్యతేజ ఫోటో కింద దీపాలంకరణా, దుర్గాసాయి ఫోటో కింద ఉత్తమ నటుడూ ఉన్నాయి.

దుర్గాసాయి అటే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చదివాడు. సన్నగా, కళ్ళద్దాలతో, నలుగురిలో నోరెత్తని కుర్రాడు.

"బాబాయిగారూ, ఉత్తమ నటుణ్ణి నేనేనండి. ఇంట్లో అమ్మకి ఫోటో పంపేత్తాను. మా సూరిగాడికి చెప్పకండి."

"ఆయ్," అంటూ దేవదానం నవ్వాడు.

శారోన్ హాల్లో ఉంది. పొట్టిగా, జుట్టు పైకి ముడివేసి, చున్నీ నడుముకు కట్టుకుని బల్లలు జరుపుతోంది. రాజోలు అవతల సఖినేటిపల్లి పిల్ల. నాటకం తనే రాసింది, తనే తల్లి వేషం వేస్తుంది. గోదావరి దాటించే పంటు ఇంజను చెడిపోయి సాయంత్రం రేవులో చిక్కుకుపోయిన ఆడవాళ్ళ కథ అది. అందరూ గల్ఫుకు వెళ్ళేవాళ్ళే. నర్సాపురం వైపు దాటితే రైలు, రైలు దాటితే విమానం. పంటు కోసం చూస్తూ ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటారు. చివరికి ఇంజను బాగవుతుంది, తల్లి పంటు ఎక్కుతుంది, పిల్ల రేవులో మిగిలిపోతుంది. వేదిక ముందంచున ఉన్న పలకలే పంటు. వెనక వెదురు బొంగులు పాతినచోటు రేవు. తెర పడే గీత సరిగ్గా ఆ రెండింటి మధ్య నుంచి వెళ్తుంది. ఆ గీత ఇప్పుడు దేవదానానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"శారోనమ్మగారూ," అన్నాడు దగ్గరికి వెళ్ళి. గొంతు సవరించుకున్నాడు. "మరేనండీ, మజ్జానం నాటకానికండీ..."

"ఆఁ బాబాయిగారూ, మీకోసమే చూత్తున్నాను. ఆ తెర రెండు పక్కలా బాగా వెనక్కి లాగి కట్టేయండి. అసలు తెరనేది ఉన్నట్టు తెలియకూడదు."

"ఆయ్," అన్నాడు దేవదానం.

కట్టేశాడు. కట్టేస్తూ తనను తాను తిట్టుకున్నాడు.

పదకొండు గంటలప్పుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు రిహార్సలు చూడ్డానికి వచ్చారు. భారీ మనిషి, కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఒకసారి నిట్టూరుస్తుంది. ఆఖరి రంగం చూసి తల అడ్డంగా ఊపారు. నాటకంలో ఆయనకు బాధంతా ఆ ముగింపుతోనే. తల్లి వెళ్ళిపోయాక పిల్ల అలా నిలబడే ఉంటుంది. దీపం ఆరదు, ఎవరూ వంగి నమస్కారం పెట్టరు. జనం తమంతట తామే అయిపోయిందని తెలుసుకుని లేచి వెళ్ళాలి. విశాఖపట్నంలో ఆడినప్పుడు ఎవరూ తెలుసుకోలేదు. చాలాసేపు చూసి ముందు వరసలో ఒక పెద్దాయన, "ఇంటర్వెల్లా అమ్మా?" అని అడిగాడు. బహుమతైతే వచ్చింది గానీ చప్పట్లు రాలేదు.

"ఢిల్లీలో అలా కుదరదమ్మా," అన్నారాయన. "అయిపోయిందని జనానికి ఏదో ఒకటి చెప్పాలి కదా."

 శారోన్ నెమ్మదిగానే అంది.

"మా అమ్మ కువైట్ వెళ్ళినప్పుడు అయిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదండీ. పంటు అవతలికి చేరిపోయినా నేను అక్కడే నిలబడ్డాను. చీకటి పడ్డాక మా అమ్మమ్మ వచ్చి తీసుకెళ్ళింది. నాకు తెలిసింది అదేనండీ. వేరే ముగింపు నాకు తెలీదు."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఇంక ఆ ప్రసక్తి తేలేదు. లేచి వెళ్తూ దేవదానం వైపు తిరిగారు.

"ఏమయ్యా దేవదానం, నాటకం అయ్యాక ఆ తెర దింపేసి మడత పెట్టెయ్. లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ వేయిస్తున్నాను నీకు. హాయిగా కూర్చో."

ఇప్పుడైనా అడగొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల చెప్పిన మాట విన్నాక, నీ నాటకం మీద నా తెర వేస్తానని అడగడానికి దేవదానానికి మనసొప్పలేదు.

"ఆయ్ అండీ."

మధ్యాహ్నం వేదిక వెనక, సామాను ఎక్కించే పెద్ద తలుపు దగ్గర నీడలో కూర్చుని డబ్బా విప్పాడు. చింతకాయ వేసి వండిన చిన్నచేపల పులుసు వాసన రాగానే సూర్యతేజ ఎక్కడున్నా వాలిపోతాడు. ఓడలరేవు కుర్రాడు, బలమైన భుజాలు, గట్టి గొంతు. పంటు నడిపే సరంగు వేషానికి తలపాగా అప్పుడే చుట్టేసుకున్నాడు. డబ్బా మూతలో అన్నం కలిపి దేవదానం అతని ముందు పెట్టాడు.

"మా ఊరి కుర్రాళ్ళు బోటు పని మానేసి మరీ వత్తన్నారండి, బాబాయిగారూ. నేను 'పంటు కదిలిందో' అన్నప్పుడు ఈలలు అదిరిపోవాలని చెప్పేను."

దేవదానం చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది.

"ఈలలు వద్దండి బాబూ."

"ఏమండీ?"

అప్పుడు దేవదానం ఆ కథ చెప్పాడు. ఈ శాఖ మొదలైన కొత్తలో ఉన్న మాస్టారు, ఇప్పుడు లేరు, తెర వెనక నిలబడి నాటకం నడిపించేవారు. తెర మూయాలంటే ఈల వేసేవారు. ఈల వినపడగానే ఎందుకూ ఏమిటీ అని ఆలోచించకుండా లాగాలి, నువ్వు ఆలోచిస్తే తెర ఆలస్యమవుతుంది అని తర్ఫీదు ఇచ్చారు. దేవదానం చేతులకు ఆ చదువు బాగా ఒంటబట్టింది. ఎంత బాగా అంటే, మొదటి ఏడాది వార్షికోత్సవంలో ముఖ్య అతిథిగారు గంటకు పైగా ఉపన్యాసం దంచుతుంటే, వెనక బెంచీల్లోంచి ఎవరో విసుగెత్తి ఈల వేశారు. వేసీ వేయగానే తెర పడిపోయింది. ముఖ్య అతిథి తెర లోపల, మైకు తెర బయట. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన మళ్ళీ ఈ ఊరి ఛాయలకు రాలేదు.

"అప్పట్నుంచీ ఉపన్యాసాలప్పుడు మాస్టారు నా చేతులు తొడల కింద పెట్టుకు కూర్చోమనేవారండి," అన్నాడు.

సూర్యతేజకు నవ్వుతో పొలమారింది. మంచినీళ్ళు తాగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇవాళ ఆ భయం లేదులెండి. తెర ఎలాగూ కట్టేసే ఉంది."

నువ్వయినా శారోనమ్మతో ఒక మాట చెప్పు బాబూ అనాలనుకున్నాడు దేవదానం. ఈలోగా మేకప్‌కు రమ్మని కేక వినిపించింది. సూర్యతేజ చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు.

రెండు గంటలకల్లా హాలు నిండింది. పీజీ సెంటర్ పిల్లలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, చుట్టుపక్కల వీధుల వాళ్ళు. అమ్మిరాజు గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు గానీ ఎవర్నీ ఆపలేదు. ముందు వరసలో పాపాయమ్మ, ఆదివారం గుడికి కట్టే నీలం చీరలో, పమిట భుజం చుట్టూ కప్పుకుని, దేవదానం ఉండే మూల వైపే చూస్తూ కూర్చుంది. అడిగేవా అన్నట్టు కనుబొమలెగరేసింది. దేవదానం తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ పక్కకు తిప్పడంతోనే ఆవిడకు అర్థమైపోయింది.

నాటకం మొదలైంది. పక్క మూలలో స్టూలు మీద కూర్చున్నాడు దేవదానం. పని లేదు. తెర తన పక్కనే, కట్టిన జడలా ముడుచుకుని ఉంది. చూసి చూసి, ఆఖరి రోజు కదా అని దాని కట్టు విప్పాడు. ఊరికే, గాలాడుతుందని. అవతలి పక్క కూడా చప్పుడు లేకుండా వెనక నుంచి చుట్టి వెళ్ళి విప్పి వచ్చాడు. వచ్చి తాడు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. లాగడానికి కాదు. ఊరెళ్ళే మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోమా, అలాగ.

హాలు నిశ్శబ్దంగా ఉంది. చూస్తున్నవాళ్ళలో గల్ఫులో మనిషి లేని ఇల్లు తక్కువ. వేదిక మీద ఒకావిడ ఇంటి మీద స్లాబు కోసం వెళ్తున్నానంటే హాల్లో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఇంకొకావిడ అరబ్బీలో నేర్చుకున్న మొదటి మాట చెప్తే అందరూ నవ్వారు. దుర్గాసాయి దీపాలు సాయంత్రం వెలుగును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాయి. నిజంగానే పొద్దు గుంకుతున్నట్టుంది. దేవదానం ఈ నాటకం రిహార్సళ్ళలో ఎన్నోసార్లు చూశాడు. అయినా స్టూలు ముందంచుకు జరిగి చూశాడు.

శారోన్ సంచీ భుజాన వేసుకుని రేవు నుంచి ముందంచున ఉన్న పంటు మీదకు వచ్చింది. వెనక వెదురు బొంగుల దగ్గర పిల్ల వేషంలో ఉన్న లిడియా నిలబడిపోయింది. లిడియా మొదటి సంవత్సరం పిల్ల, చూడ్డానికి ఇంకా చిన్నదిగా ఉంటుంది. సరంగు వేషంలో సూర్యతేజ తలపాగా బిగించి, పక్కనుంచి గొంతెత్తాడు.

"పంటు కదిలిందో..."

ఓడలరేవు కుర్రాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. సముద్రం మీద బోటు నుంచి బోటుకు వినపడే ఈల అది. హాలు పైకప్పు రేకు దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

దేవదానం చేతులు లాగేశాయి.

అతను లాగలేదు, చేతులే లాగాయి. పీచు తాడు కప్పీల మీద కిర్రుమంది. రెండు పక్కల నుంచీ మఖమల్ తెర కదిలింది. సగం దూరం వచ్చాక దేవదానానికి తెలివొచ్చింది.  ఆపుదామా అనుకున్నాడు. సగంలో ఆగిన తెర కంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు. ఏం చేయాలో తెలియక మాస్టారు నేర్పినట్టే, నెమ్మదిగా, ఎక్కడా కుదుపు లేకుండా చివరిదాకా లాగాడు. తెర మూసుకుంది. తల్లి ఇవతల, పిల్ల అవతల.

శారోన్ వెళ్ళొస్తానని చెప్పడానికి వెనక్కి తిరిగింది. అక్కడ పిల్ల లేదు. తెర ఉంది.

రాసుకున్న మాట ఆమె నోట రాలేదు. అలాగే నిలబడింది. తెర వెనక లిడియా బెదిరిపోయింది కాబోలు, నాటకంలో లేని మాట ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది.

"అమ్మా."

తెర మీద, చిన్నపిల్ల ఎత్తున, ఒకచోట మఖమల్ ముందుకు ఉబికింది. లోపలి నుంచి ఒక చెయ్యి తడుముతోంది. శారోన్ సంచీ వదిలేసింది. వెళ్ళి ఆ ఉబికిన చోట తన అరచెయ్యి ఆనించింది. తెర అవతల చెయ్యి ఆగింది. రెండు చేతులూ గుడ్డకు చెరో పక్కా ఉండిపోయాయి. పై నుంచి దుర్గాసాయి, ఎవరూ చెప్పకుండానే, దీపాన్ని ఆ చేతి దాకా తగ్గించుకుంటూ వచ్చి, ఆఖరికి ఆర్పేశాడు.

చీకట్లో ముందు వరసలోంచి పాపాయమ్మ ముక్కు చీదిన చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆ తరవాత చప్పట్లు మొదలయ్యాయి. దేవదానం ఆ హాల్లో అలాంటి చప్పట్లు ఎప్పుడూ వినలేదు. ఇదివరకోసారి ముఖ్య అతిథిగారి మీద తెర పడినప్పుడు మాత్రమే వాటి దరిదాపుల్లోకి వచ్చాయి.

అతను ఆ ఆనందంలో లేడు. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఒక ఆడపిల్ల ఏళ్ళ తరబడి గుండెల్లో పెట్టుకున్న ముగింపును తన చేతులు చెడగొట్టాయి. అడక్కుండా ఉన్నందుకు కాదు గానీ, ఈ చేతుల్ని తెచ్చినందుకు సిగ్గుపడ్డాడు.

శారోన్ తెర పక్కనుంచి లోపలికొచ్చింది. కాటుక బుగ్గల మీదకు కారింది. వెనకే సూర్యతేజ, తలపాగా చేతిలో పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు దేవదానం లేచి. "ఈల వినపడేసరికి చేతులు ఆగలేదండి. కావాలని చెయ్యలేదు."

శారోన్ ఆ మాట విన్నట్టు లేదు.

"ఈ తెర ఊడదీయడానికి ఎంతసేపు పడద్ది, బాబాయిగారూ?"

కోపం వచ్చిందన్నమాట. రావలసిందే.

"ఎంతోసేపు పట్టదండి. ఇప్పుడే తీసేత్తాను."

"తీసి వ్యానెక్కించండి. తాడు కూడా. ఢిల్లీలో మా నాటకానికి మీరే లాగాలి. చిన్నప్పుడు రేవులో ఆ పంటు ఎప్పుడు కనపడకుండా పోయిందో నాకు గుర్తులేదు. ఇవాళ చూసేను." బుగ్గ మీది కాటుక మోచేత్తో తుడుచుకుంది. పెద్దవాళ్ళను పిలిచినట్టు మర్యాదగా అడిగింది. "వత్తారా, బాబాయిగారూ?"

ఎంతమంది ఎన్ని పనులు చెప్పినా క్షణం ఆలస్యం లేకుండా జవాబు చెప్పిన మనిషికి ఈసారి నోరు పెగలలేదు. కుడి భుజం ఇంకొంచెం కిందకు దిగింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతికి తాడు పీచు అంటుకుని ఉంది.

"ఆయ్," అన్నాడు.

ఆ తరవాత అంతా పెళ్ళివారి హడావుడే. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు టిక్కెట్టు సంగతి తనకు వదిలేయమని, ఫోను చెవికి ఆనించుకుని వరండాలో పచార్లు మొదలుపెట్టారు. తెర లేకుండా నల్ల రంగు వేసేద్దామన్న దుర్గాసాయే అందరికంటే ముందు నిచ్చెనెక్కి కొక్కేలు విప్పాడు. పెయింటర్లకు ఫోను చేసి వచ్చే నెల రమ్మన్నారు. తెర మడత పెట్టడం మాత్రం దేవదానం ఎవరికీ ఇవ్వలేదు. వెలిసిన సగం లోపలికి వచ్చేలా, దులిపి, మడిచి, పాపాయమ్మ పేనిన తాడుతోనే కట్ట కట్టాడు. సూర్యతేజా, ఓడలరేవు కుర్రాళ్ళూ ఆ కట్టను వెనక పెద్ద తలుపు గుండా మోసుకెళ్ళి వ్యాన్లో పెట్టారు. జారకుండా ఒక చెయ్యి దాని మీద వేసి, దేవదానం కూడా వాళ్ళ వెంటే అటు నుంచే వెళ్ళి వ్యానెక్కాడు.

పాపాయమ్మ అప్పటికే ఆటోలో బజారుకు వెళ్ళి వచ్చింది. రెండు లుంగీలు, తువ్వాలు, చెవులు మూసే ఉన్ని టోపీ ఒక సంచీలో పెట్టి కిటికీలోంచి అందించింది.

"ఢిల్లీలో చలి ఎముకలు కొరికేత్తాదంట. టోపీ తియ్యకు. మందులు ఈ పొట్లంలో ఉన్నాయి." కొంచెం దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "ఇంతకీ అడిగేవా?"

"లేదే. ఆళ్ళే అడిగేరు."

పాపాయమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పోనీలే. నీ పాలిట అమ్మ అడక్కుండానే పెట్టింది."

వ్యాను రాజమండ్రి రైలు అందుకోవడానికి కదిలింది. పిల్లలు పాట ఎత్తుకున్నారు. రాజమండ్రి దాటి ఎరగని దేవదానం కిటికీ పక్కన, చల్లగాలి తగలకముందే టోపీ పెట్టేసుకుని, తెర కట్ట మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. ఓడలరేవు కుర్రాళ్ళు గేటు దాకా పరుగెత్తి ఒక్క ఈల వేశారు. దేవదానం చేతులు రెండూ తొడల కిందకు పోయాయి. వ్యానంతా పగలబడి నవ్వింది, అతను కూడా నవ్వాడు.

ఆ నవ్వు రోడ్డు మలుపు తిరిగేదాకా వినిపించింది. ఫ్లెక్సీ మీద పావురాలు గాలికి కొట్టుకుంటున్నాయి. పాపాయమ్మ మామిడికుదురు బస్సు పట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకు అమ్మిరాజు తాళం గుత్తి ఊపుకుంటూ హాలు దగ్గరికొచ్చాడు. అలవాటు ప్రకారం మెట్ల కింద చూశాడు. చెప్పులున్నాయి.

"దేవదానం గారూ, తాళం వేసేత్తన్నానండీ," అని లోపలికి కేకేశాడు.

జవాబు రాలేదు. మళ్ళీ కేకెయ్యబోయి, వ్యాను గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. మనిషి వట్టి కాళ్ళతో ఢిల్లీ వెళ్ళిపోయాడు. ఒక్కడే నిలబడి చాలాసేపు నవ్వుకున్నాడు. తరవాత చెప్పులు తీసి తన గదిలో భద్రంగా పెడదామని వంగాడు. వంగినవాడు, ఎందుకో ముట్టుకోకుండానే లేచి, తలుపు చేరవేసి తాళం వేశాడు.

మెట్ల కింద, మడమల దగ్గర అరిగిపోయిన ఆ జత, ముక్కులు వేదిక వైపుకే తిప్పుకుని ఉంది.